ఆడకూలీలను సైటు మొత్తానికి లెక్కించండి

కర్ణాటక రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

అనంతపురం జిల్లా నుంచి వచ్చి పన్నెండేళ్లుగా బెంగళూరులో వర్తూరు దగ్గర ఉంటున్నాను. మా ఇంటి వెనుక పెద్ద ఆఫీసు భవనం ఒకటి లేస్తోంది. దాని ప్రహరీని ఆనుకుని ఉన్న రేకుల షెడ్లలో, మా జిల్లాలో వేరుశనగ పోయి బేల్దారి పనికి వలస వచ్చిన కుటుంబాలు ఉంటున్నాయి. అక్కడొక పదేళ్ల పాప రోజంతా చంకలో తమ్ముణ్ణి వేసుకుని తిరుగుతుంటుంది. చదువు వచ్చా అమ్మా అని అడిగితే, ఊరి నుంచి తెచ్చుకున్న బియ్యం సంచి మీది తెలుగు అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి చూపించింది. మూడో తరగతి మధ్యలో బడి మానేసిందట. తల్లి ఇటుకలు మోస్తుంటే పిల్లవాణ్ణి చూసే దిక్కు లేదు. ఆ పసివాడికి దగ్గు తగ్గడం లేదు. కనురెప్పల మీద కూడా సిమెంటు దుమ్మే.

డాలర్లలో సంపాదించే కంపెనీలకు ఇక్కడ రూపాయల్లో జీతాలు, అద్దెలు చవకగా పడతాయి కాబట్టే ఇలాంటి భవనాలు లేస్తున్నాయి. ఆ తేడా వల్లే నా బోటి ఉద్యోగుల పిల్లలు మంచి బళ్లలో చదువుతున్నారన్నది నేను కాదనను. 2022 నాటి ప్రపంచ అసమానతల నివేదిక ప్రకారం పై పది శాతం మంది చేతిలో ప్రపంచ సంపదలో 76 శాతం ఉండగా, కింది సగం మందికి మిగిలింది 2 శాతమే. మనిషి ఆరోగ్యాన్ని అతను పుట్టి పెరిగే, పనిచేసే పరిస్థితులే చాలావరకు నిర్ణయిస్తాయనీ, పసితనం నుంచే శ్రద్ధ పెట్టాలనీ మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన సంఘం 2008లోనే చెప్పింది.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి, 2025లో కొత్త కార్మిక చట్టాలు వచ్చేదాకా అమల్లో ఉన్న చట్టం, యాభై మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలని చెప్పింది. మా వెనుక సైటులో ఆడకూలీలు వేర్వేరు మేస్త్రీల పట్టీల్లో ఉన్నారు. ఏ ఒక్క పట్టీలోనూ యాభై దాటదు, అందుకే గది లేదు. దయచేసి లెక్క మేస్త్రీల వారీగా కాక సైటు మొత్తానికి తీయించండి. కట్టుబడి ఖర్చులో ఒక శాతం సెస్సుగా భవన కార్మికుల సంక్షేమ మండలికి జమ కావాలి, అంటే వంద కోట్ల భవనానికి కోటి రూపాయలు. అందులోంచి ఒక గదికి, ఒక ఆయా జీతానికి ఇవ్వలేమా? తమ్ముడు ఆ గదిలో ఉంటే అక్క బడికి వెళ్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆమెను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. కన్నడ బడి అయినా ఇబ్బంది లేదు. షెడ్ల పిల్లలతో ఆడుతూ ఆమె ఇప్పటికే కన్నడ మాట్లాడుతోంది, లిపి కూడా మన తెలుగుకు దగ్గరిదే.

దసరా నాటికి ఈ పని ముగిసి తాము మరో సైటుకు వెళ్లిపోతామని ఆ తల్లి చెప్పింది. ఆలోపే మీ శాఖ అధికారిని ఒకసారి ఇక్కడికి పంపవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
వర్తూరు నివాసి