అడవి ఫైలు మీద ఆరోగ్య శాఖ సంతకం ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రిక తర్వాతి మహమ్మారికి మనం సిద్ధమేనా అంటూ నిండు పేజీ కథనం వేసింది. ఎవరైనా రాస్తారులే అని ఆగాను. ఇన్ని రోజులైనా ఒక్క ఉత్తరమూ రాకపోయేసరికి ఊరుకోలేక నేనే రాస్తున్నాను. టీకాలు ఎంత త్వరగా తయారు చేయొచ్చో రాశారు. వెంటిలేటర్ల గురించీ, ల్యాబ్‌ల గురించీ రాశారు. అవన్నీ కావాల్సినవే, కాదనను. కానీ పేజీ మొత్తం రెండుసార్లు వెతికినా అడవి అన్న మాట ఎక్కడా కనిపించలేదు. జబ్బు వచ్చాక ఏం చేయాలో చెప్పడానికి అంత చోటు దొరికినప్పుడు, రాకుండా చూడటం గురించి నాలుగు లైన్లు పట్టలేదా?

2021లో మా అక్క పోయింది. ఆఖరి చూపు కూడా ఫోనులోనే, అదీ అర నిమిషం. అప్పటి నుంచి ఈ సంసిద్ధత అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్ని ముందే కోసి పెట్టుకోవడాన్నే మనవాళ్లు ప్రణాళిక అంటున్నారు. మంట ఎక్కడ పుడుతోందో చూసేవాళ్లు లేరు.

ఎక్కడ పుడుతోందో తెలియక కాదు. 1998-99లో మలేషియాలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ జబ్బు ఎలా వచ్చిందో చూడండి. పందుల దొడ్ల పక్కనే, వాటి మీదికి కొమ్మలు వాలేలా మామిడి చెట్లు ఉన్నాయి. రాత్రిపూట గబ్బిలాలు వచ్చి పండు కొరికి, సగం తిని వదిలేసేవి. ఆ ఎంగిలి పండు దొడ్లో పడితే పంది తినేది. పందికి దగ్గు పట్టుకుంది, ఆ పందిని సాకే మనిషికి మెదడువాపు వచ్చింది. అధికారులు మొదట ఇది దోమల వల్ల వచ్చే మెదడువాపే అనుకుని దోమల మందు కొట్టించారు, దానికే టీకాలు వేయించారు. అసలు సంగతి తేలేలోపు వంద మందికి పైగా చనిపోయారు, పది లక్షలకు పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది. ఆ తర్వాత పందుల దొడ్లకు పళ్ల చెట్లు దూరంగా ఉండాలని నిబంధన పెట్టారు. మలేషియాలో నిపా మళ్లీ రాలేదు. చెట్టుకూ దొడ్డికీ మధ్య కాస్త దూరం! అది వైద్యులు రాసిన మందు కాదు, భూమిని ఎలా వాడాలో చెప్పిన ఒక చిన్న నియమం.

ఆస్ట్రేలియాలో 1994లో బ్రిస్బేన్ నగరంలోని హెండ్రా అనే పేటలో గుర్రాలు వరసగా జబ్బుపడి చచ్చాయి. వాటికి శిక్షణ ఇచ్చే మనిషీ చనిపోయాడు. అక్కడా వైరస్ గబ్బిలాలదే. పాతికేళ్ల సమాచారం దగ్గర పెట్టుకుని శాస్త్రవేత్తలు 2022లో నేచర్ పత్రికలో రాసింది చదివితే కళ్లు తెరుచుకుంటాయి. చలికాలంలో పూసే చెట్ల అడవుల్ని నరికేసరికి గబ్బిలాలకు తేనె దొరకలేదు. అవి ఆకలితో ఊళ్లలోకి, గుర్రాల మేత పొలాల్లోకి వచ్చి చేరాయి. ఆకలితో ఉన్న గబ్బిలం వైరస్‌ను ఎక్కువగా వదులుతుంది. మిగిలిన ఆ కాస్త అడవి బాగా పూసిన చలికాలాల్లో మాత్రం గబ్బిలాలు అటే వెళ్లిపోయాయి, గుర్రాలకు జబ్బు రాలేదు. చెట్టు పూస్తే జబ్బు ఆగిందన్నమాట. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పాలి? 2020లో కరోనా భయంతో గబ్బిలాలున్న చెట్లు కొట్టేయమని గోల చేసిన వాళ్లకు ఇది ఎవరైనా చదివి వినిపించాలి.

జీవవైవిధ్యంపై చాలా దేశాల ప్రభుత్వాలు కలిసి పెట్టుకున్న వేదిక ఐపీబీఈఎస్, 2020 అక్టోబరులో 22 మంది నిపుణులతో నివేదిక ఇప్పించింది. జంతువుల్లో, పక్షుల్లో ఇంకా మన కంటపడని వైరస్‌లలో 6,31,000 నుంచి 8,27,000 దాకా మనుషులకు సోకగలవని అందులో అంచనా వేశారు. కొత్తగా పుట్టుకొస్తున్న జబ్బుల్లో 30 శాతానికి పైగా అడవులు కొట్టి పొలాలుగా, ఊళ్లుగా మార్చడం లాంటి భూమి మార్పులతో ముడిపడినవే అన్నారు. మహమ్మారి వచ్చాక పెట్టే ఖర్చులో వందో వంతు పెడితే రాకుండా చూసుకోవచ్చనీ అన్నారు. వందో వంతు! ఇంట్లో ఎవరైనా ఇలాంటి లెక్క చెబితే ఆ సాయంత్రానికే పని మొదలెడతాం.

మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? మూడేళ్లకు పైగా చర్చించి 2025 మే 20న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. అందులో నివారణ మీద, మనుషుల ఆరోగ్యాన్నీ జంతువుల ఆరోగ్యాన్నీ పర్యావరణాన్నీ కలిపి చూడాలనే వన్ హెల్త్ మీద ప్రత్యేకంగా అధికరణాలు ఉన్నాయి, సంతోషమే. కానీ వార్తల్లో నలిగిందంతా వైరస్ నమూనాలు ఎవరు ఇవ్వాలి, టీకాలు ఎవరికెన్ని అన్న పంచాయితీయే. ఆ వాటాలు తేల్చే అనుబంధాన్ని ఆ రోజు తేల్చకుండా తర్వాతకు నెట్టారు. వాటాల గొడవ ముఖ్యమే, పేద దేశాలు మోసపోకూడదు. అయినా అడవి గురించి ఆ గట్టితనంతో ఎవరూ కొట్లాడలేదే అని నా బాధ.

అసలు చిక్కంతా శాఖల దగ్గరే ఉంది. కోతులు చస్తే అటవీ శాఖ, పశువులు చస్తే పశుసంవర్ధక శాఖ, మనుషులు పోయాకే ఆరోగ్య శాఖ. కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో 1957లో ముందు చచ్చింది కోతులే. పిడుదుల వల్ల మనుషులకూ సోకే ఆ అడవి జ్వరానికి ఇప్పటికీ కోతి చావే మొదటి హెచ్చరిక. చచ్చిన కోతిని ముందు చూసేది అడవిలో తిరిగే గార్డు. ఆయన మాట జ్వరాలు చూసే డాక్టరు దాకా ఎన్ని రోజులకు చేరుతుంది? ఎన్ని టేబుళ్లు దాటాలి? ఏ కబురు పంపినా మా పరిధి కాదని కాగితం పక్కకు తోసేసే అలవాటు పెరిగిపోయింది. కమిటీ వేస్తారు, అది నివేదిక ఇస్తుంది, దాన్ని పరిశీలించడానికి ఇంకో కమిటీ వేస్తారు. ఈలోగా గని కోసమో, రోడ్డు కోసమో అడవి కొట్టే అనుమతి మాత్రం చకచకా నడిచిపోతుంది.

ఆ అనుమతి ఫైలులో నీళ్ల లెక్క, పొగ లెక్క, దుమ్ము లెక్క ఉంటాయి. చెట్లు పోతే ఈ అడవిలోని జంతువులు ఎక్కడికి పోతాయి, అవి చేరే చోట ఎన్ని ఊళ్లు, ఎన్ని పశువులు ఉన్నాయి అన్న లెక్క కూడా వేసి, దాని కింద ఒక ఆరోగ్య అధికారి సంతకం పెట్టాలని చట్టం చేయడానికి అడ్డేమిటి? పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. రేపు ఏదైనా జరిగితే ఎవరు సరే అన్నారో తెలుస్తుంది. బహుశా అందుకే ఎవరూ సంతకం పెట్టరు.

మీకు ఒక విన్నపం. ఫలానా చోట ఇన్ని ఎకరాల అడవికి అనుమతి అన్న వార్త మీ దగ్గర ఎప్పుడూ లోపలి పేజీలో, మూలన రెండు పేరాలుగా వస్తుంది. ఈసారి అలాంటి వార్త వచ్చినప్పుడు, ఆరోగ్య శాఖను అడిగారా అని మీ విలేకరి చేత అనుమతి ఇచ్చిన అధికారిని అడిగించండి. ఆయన ఏం చెప్పినా, ఏమీ చెప్పకపోయినా, ఆ సంగతి కూడా వార్తలోనే అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు