కెరొలైన్ ఇంగల్స్ చరిత్ర: కొన్ని సవరణలు

సంపాదకులకు నమస్కారం.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పడమటి భూములకు బండ్లు కట్టుకుని వలస వెళ్ళిన కుటుంబాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే కెరొలైన్ ఇంగల్స్ జీవితాన్ని ఆమె కూతురు లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన బాలల నవలల నుంచే తీసుకోవడంతో, కథకోసం రచయిత్రి మార్చుకున్న సంగతులు కూడా చరిత్రగా అచ్చయ్యాయి.

కెరొలైన్ 1839లో విస్కాన్సిన్‌లోని క్వైనర్ కుటుంబంలో పుట్టారు. తండ్రి 1845లో మిషిగన్ సరస్సులో ఓడ మునిగి చనిపోగా, తల్లి షార్లెట్ పిల్లలను సాకుతూ 1849లో మళ్ళీ వివాహం చేసుకున్నారు. కొంతకాలం బడిలో పాఠాలు చెప్పిన కెరొలైన్ 1860 ఫిబ్రవరి 1న చార్లెస్ ఇంగల్స్‌ను పెళ్ళాడారు. ఆమె అన్న హెన్రీకి చార్లెస్ చెల్లెలు పాలీని, ఆమె చెల్లెలు ఎలైజాకు చార్లెస్ అన్న పీటర్‌ను ఇచ్చి చేశారు. మన పల్లెల్లో కుండమార్పిడి అనే సంబంధాలే ఇవి. బంధుబలమే ఆస్తిగా బతికిన ఆ రెండు కుటుంబాల గురించి వ్యాసంలో ఒక్క మాటా లేదు.

చంటిపిల్ల క్యారీతో కెరొలైన్ కాన్సాస్‌కు బయలుదేరినట్టు వ్యాసకర్త రాశారు. నవలలో అలాగే ఉంది. కానీ కుటుంబ బైబిల్లో నమోదైన ప్రకారం క్యారీ 1870 ఆగస్టు 3న కాన్సాస్‌లోని మాంట్‌గొమరీ కౌంటీలోనే పుట్టింది. అంటే కెరొలైన్ ఆ మారుమూల చోట, గర్భవతిగా ఇద్దరు చిన్నపిల్లలను చూసుకుంటూ, మూడో కాన్పు దాటారన్నమాట. పైగా ఇంగల్స్ కుటుంబం ఇల్లు కట్టుకున్నది ఆదివాసులైన ఓసేజ్ జాతి వారి నేలపైన. ఓసేజ్ వారిని ఇప్పటి ఓక్లహోమాకు తరలించే చట్టం 1870 జులైలోనే వచ్చింది. ఇది చెప్పకుండా వలస కుటుంబాల సాహసాన్ని మాత్రమే పొగడడం సబబు కాదని నా అభిప్రాయం.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి. 1875 నవంబరులో పుట్టిన కొడుకు చార్లెస్ ఫ్రెడరిక్ తొమ్మిది నెలలు దాటగానే 1876 ఆగస్టులో కన్నుమూశాడు. మిడతల దండు మిన్నెసోటాలో పంటలను తినేశాక, కుటుంబం అయోవాలోని బర్ ఓక్‌కు తరలివెళ్ళే రోజులవి. మరుసటి ఏడాది అక్కడే చిన్న కూతురు గ్రేస్ పుట్టింది. ఆ కొడుకూ, బర్ ఓక్ ఊరూ నవలల్లో లేవు కాబట్టి, ఐదుగురిని కన్న తల్లి మీ వ్యాసంలోనూ నలుగురికే తల్లిగా మిగిలారు.

సాగు చేసుకునే వారికి ప్రభుత్వ భూమి ఇచ్చే 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టేది కుటుంబ పెద్దగా భర్తే. జనాభా లెక్కల్లోనేమో గృహిణి వృత్తి ‘ఇంటి నిర్వహణ’ అనే రాసేవారు. 1890 లెక్కల పత్రాల్లో అధికభాగం 1921 అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. ఇలాంటి స్త్రీల విషయంలో బైబిల్ పుటలు, చర్చి రిజిస్టర్లు, ఉత్తరాలే ప్రధాన ఆధారాలు కనుక, ధారావాహికలోని తర్వాతి భాగాలకైనా వాటిని చూడవలసిందిగా, క్యారీ జననం, ఫ్రెడరిక్ మరణం గురించిన సవరణలను వచ్చే అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, విజయవాడ