రాచకొండ, పానగల్లు మీద సీరియల్ రాయించుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం,
ఆదివారం పుస్తకంల జానపద సీరియళ్లు మళ్లా వేస్తున్నందుకు మస్తు సంతోషం సార్, మాయలు, సాహసం, ప్రేమ అన్నీ ఉంటున్నయి గని ప్రతిసారి పేరు తెల్వని రాజ్యమే ఎందుకు. నల్లగొండ పక్కన పానగల్లుల కుందూరు చోళుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది, పొద్దంత లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ కదలకుండ నిలవడ్తది. గా నీడల ఒక యక్షిణి చిక్కుకున్నదనుకోండ్రి, ఉదయసముద్రం చెరువు కట్ట కాసే పిలగాడు ఆమెను ప్రేమించిండనుకోండ్రి, ఎంత మంచి కథ అయితది! అలంపురంల రసవిద్యతో బంగారం చేసిన సిద్ధుడి కథ ఎట్లనూ ఉండనే ఉన్నది. ఇగ రాచకొండ అయితే 14వ శతాబ్దంల రేచర్ల పద్మనాయకుల రాజధాని, రసార్ణవసుధాకరం అనే నాటక లక్షణాల పుస్తకం రాసిన సింగభూపాలుడు ఏలిన కోట, అక్కడ ప్రేమకథకు కొదవేంది.

ఒక్కటే మనవి. మంత్రాలు ఎన్నైనా పెట్టుండ్రి, కాలం మాత్రం తప్పొద్దు. మిరపకాయ మన దేశానికి వచ్చిందే పోర్చుగీసోళ్లతోని, రాచకొండ సైనికుడు పచ్చిమిర్చి కొరికితే నాకు చదవబుద్ధి కాదు. రాజకుమారిని కూడ ఎత్తుకపోయేటందుకే పెట్టకుండ కత్తి పట్టనియ్యుండ్రి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు కొత్త రచయితలకు ఒక పోటీ పెట్టుండ్రి సార్, రాసెటోళ్లు మా దిక్కు చానమంది ఉన్నరు.

- ఒక పాఠకురాలు, నల్లగొండ