అది చదును కాదు, ఎక్కుడు

చిట్టితల్లీ,

కెనడాలో విన్నిపెగ్ నుంచి పడమటి కొండలకు మీరిద్దరూ మంచం వేసిన వాన్‌లో వెళ్లే ప్రయాణానికి నువ్వు పంపిన పెట్రోలు లెక్క చూశాను. అల్లుడుగారికీ చదివి వినిపించు, ఎందుకంటే లెక్కలో తప్పుంది. విన్నిపెగ్ నుంచి కాల్గరీ దాకా ఉన్న 1,300 కిలోమీటర్ల పైచిలుకు దారిని మీరిద్దరూ చదును అనుకున్నారు. సముద్రమట్టం నుంచి విన్నిపెగ్ ఎత్తు దాదాపు 240 మీటర్లు. దారిలో వచ్చే ఊళ్లు చూడు: రెజైనా 575, కాల్గరీ 1,045, బాన్ఫ్ 1,380, లేక్ లూయీస్ ఊరు సుమారు 1,600. కంటికి తెలియదుగానీ బండి దారి పొడవునా ఎక్కుతూనే ఉంటుంది. దానికితోడు పడమటి గాలి ఎదురు.

ఆ గాలే అసలు ఖర్చు. గాలి ఒత్తిడి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలిలో మీరు 110 వేగంతో పోతే బండికి తగిలేది 140 గాలి. 95కి తగ్గితే 125. అంత మాత్రానికే గాలి అడ్డు ఐదో వంతు తగ్గుతుంది. మామూలుగా వంద కిలోమీటర్లకు 14 లీటర్లు తాగే ఎత్తు కప్పు వాన్ అలాంటి రోజున 17, 18 తాగినా ఆశ్చర్యం లేదు. ట్యాంకు సగానికి రాగానే నింపేయండి. ముఖ్యంగా స్విఫ్ట్ కరెంట్‌లో నింపకుండా బయల్దేరొద్దు. అక్కణ్ణుంచి మెడిసిన్ హ్యాట్ 220 కిలోమీటర్ల పైనే.

పక్కగాలి సంగతి వేరు. దక్షిణం నుంచి, అంటే ఎడమ నుంచి గాలి కొడుతుంటే మీకు తెలియకుండానే స్టీరింగు కాస్త ఎడమకు పట్టి ఉంచుతారు. ఇంతలో ఓ పెద్ద ట్రక్కు ఎడమ పక్క నుంచి దాటుతుంది. అది గాలికి అడ్డం రాగానే తోపు ఆగిపోతుంది, చేతులు మాత్రం ఎడమకే ఉంటాయి. బండి ట్రక్కు వైపు జరుగుతుంది. అది ముందుకు పోగానే గాలి మళ్లీ ఒక్కసారిగా తగిలి కుడికి నెడుతుంది. అద్దంలో ట్రక్కు కనిపించగానే యాక్సిలరేటరు మీది కాలు కొద్దిగా ఎత్తి, స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని, ఎడమకు పట్టిన పట్టు సడలించడానికి సిద్ధంగా ఉండాలి. కంగారుపడి ఎక్కువ తిప్పితేనే ప్రమాదం.

డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరు ఉంటుంది. బండి మొత్తం బరువు, టైర్ల గాలి రెండూ అదే చెబుతుంది. గాలి పొద్దున్నే, బండి కదలకముందే కొలవాలి. మంచం, బ్యాటరీ, నీళ్లు, మీ ఇద్దరితో సహా ఓసారి కాటా వేయించండి. నీళ్లు లీటరుకు కిలో. వంద లీటర్లు ఇంటి దగ్గరే నింపుకుని మోయడం దండగ, 30 చాలు. స్టెప్నీ బండి కింద వేలాడుతుంటే ఇంట్లోనే ఒకసారి దింపి చూడండి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు దాన్ని వేలాడదీసే తీగ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, అవసరమైన రోజున దిగదు.

వేసవిలో విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రం దాటగానే గడియారం గంట వెనక్కి. తర్వాతి రాష్ట్రం సస్కాచెవాన్‌లో వేసవికని గడియారాలు గంట ముందుకు జరపరు కాబట్టి, ఆ కాలంలో కాల్గరీ ఉన్న అల్బర్టా టైమూ అదే. సాయంత్రం పడమటికి నడిపితే ఎండ నేరుగా కళ్లలోకి కొడుతుంది, మసక పడితే జింకలు రోడ్డెక్కుతాయి. ఆరింటికల్లా ఆగిపొండి.

ఇక దిగుడు. లేక్ లూయీస్ దాటి కికింగ్ హార్స్ కనుమ మీదుగా ఫీల్డ్ అనే ఊరికి దిగే ఘాట్ రోడ్డుంది. అక్కడి వాలుకు తట్టుకోలేక రైలువాళ్లు కొండలో సుడి తిరిగే సొరంగాలు తవ్వుకున్నారు, 1909లో. రోడ్డుకు ఆ సౌకర్యం లేదు. దిగడం మొదలుకాకముందే చిన్న గేరుకు మార్చండి. మధ్యలో మార్చుకుందాం అంటే ఆలస్యం అయిపోతుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. గట్టిగా నొక్కి వేగం పది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయండి, మళ్లీ వేగం పెరిగాక మళ్లీ నొక్కండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతదైతే వేడికి అందులోని నీరు ఆవిరవుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్లు దాటిందంటే బయల్దేరే ముందు మార్పించండి. మాడు వాసన వస్తే పక్కకు ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి అరగంట ఊరుకోండి. నీళ్లు పోయొద్దు, డిస్కులు పగులుతాయి.

వంటకు వస్తే, లేక్ లూయీస్‌లో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత పెట్టిన గిన్నెలో అన్నం పలుకు మీదే ఉంటుంది, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. మూడు లీటర్ల కుక్కర్ పెట్టుకో, ఓ విజిల్ అదనంగా రానివ్వు. బ్యూటేన్ డబ్బా స్టవ్వు కొనకండి. కొండల్లో తెల్లవారుజామున చలి సున్నాకు దిగితే అందులో గ్యాసు లేవదు. ప్రొపేన్ అయితే ఇబ్బంది లేదు. తలుపులు మూసి మాత్రం వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే ఎత్తులో, గ్యాస్ అలారం నేల దగ్గర బిగించండి. ప్రొపేన్ గాలి కన్నా బరువు, కిందకే చేరుతుంది.

ఊరగాయ సీసా అంచు దాకా నింపకు. పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది. రాత్రి ఆ సీసా, ఎంగిలి గిన్నెలు, చెత్త సంచి, సబ్బు కూడా బల్ల మీద వదలొద్దు, అన్నీ వాన్‌లోకే, అద్దాలు ఎక్కించి. ఎలుగుబంటికి ఆవకాయైనా ఒకటే, పళ్లపొడైనా ఒకటే. ఎలుగును తరిమే స్ప్రే నడుముకు ఉండాలి, బ్యాగు అడుగున కాదు. ఎండలో బండిలో వదిలేస్తే డబ్బా పేలొచ్చు.

బాన్ఫ్ పార్కులో రోడ్డు పక్కన వాన్‌లో పడుకోనివ్వరు, క్యాంప్‌గ్రౌండు ముందే బుక్ చేసుకోవాలి. అక్కడి మొరెయిన్ లేక్ అనే సరస్సుకు 2023 నుంచి సొంత బళ్లను పంపడం లేదు. షటిల్ బస్సు టికెట్ తీసుకోండి.

టైర్ల పక్కన అచ్చేసిన కోడులో చివరి నాలుగంకెలు ఫొటో తీసి పంపు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. స్టెప్నీది కూడా.

అమ్మ