కార్యదర్శి వార్షిక నివేదిక - 2025 (తెనాలి, సర్వసభ్య సమావేశం, 11 జనవరి 2026)

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికోసారి కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి చదువుతున్నాను. పోయినసారి మూడు పేజీలు చదివానని, మూడో పేజీకి వచ్చేసరికి హాల్లో సగం మంది టీ దగ్గరున్నారని కొందరు గుర్తు చేశారు. ఈసారీ మూడు పేజీలే. పని చేసినవాళ్ల సంగతి ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయరు. నెలనెలా రెండో ఆదివారం కూర్చుని కంప్యూటర్ల గురించి వాదించుకునే ఈ సంఘాన్ని మనం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలియంది కాదు, కాబట్టి ఆ ఉపోద్ఘాతం వదిలేస్తున్నాను.

ముందు కృతజ్ఞతలు. పదేళ్లుగా పఠన మందిరం హాలు అద్దె లేకుండా ఇస్తున్న నిర్వాహకులకు, కుర్చీలూ షామియానా సగం రేటుకే ఇచ్చి అడక్కుండానే జనరేటర్ కూడా పంపిన టెంట్‌హౌస్ యజమానికి, ప్రతి నెలా రెండో ఆదివారం తాళం తీసి ఫ్యాన్లు వేసి కూర్చునే వాచ్‌మన్ గారికి, పాలిటెక్నిక్ చదువుతున్న ఆరుగురు పిల్లలకు. ఆ ఆరుగురి గురించి మళ్లీ చెప్తాను.

రెండో ఆదివారం చర్చలు పన్నెండు జరగాలి, పది జరిగాయి. మేలో ఎండలకి, ఆగస్టులో వానకి ఎవరూ రాలేదు. ఫిబ్రవరిలో చైనా ఏఐ మోడల్ డీప్‌సీక్ మీద వాదన పెట్టుకున్నాం. అది వచ్చాక జనవరి 27న, ఏఐకి చిప్‌లు చేసే ఎన్‌విడియా షేర్లు ఒక్కరోజులో దాదాపు 60 వేల కోట్ల డాలర్ల విలువ పోగొట్టుకోవడంతో అందరూ ఊపు మీదున్నారు, హాలు నిండింది. కానీ సగం సేపు షేర్ల గురించే మాట్లాడాం, ఆ మోడల్‌ను మన దగ్గరున్న కంప్యూటర్లో నడపొచ్చా అన్న అసలు ప్రశ్న చివరి పది నిమిషాలకు మిగిలింది. చిన్నవి నడుస్తాయి, పెద్దది నడవదు అని తేలింది.

ఏప్రిల్ చర్చ మాత్రం మనందరికీ గుర్తుండాలి. అంశం తెలుగు ఫాంట్లు. ఊళ్లో డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుకి పేజీలు కట్టే పని, చేసేవాళ్లు తొమ్మిది మంది వచ్చారు, అంతమంది రావడం ఇదే మొదటిసారి. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒకే కోడ్ ఉండే యూనికోడ్‌లోకి మారండి, ఇంకా ఆ పాత పద్ధతి అను ఫాంట్లేంటి, పేజీలు కట్టడానికి ఆ పాత పేజ్‌మేకరేంటి అని మనవాళ్లు మొదలుపెట్టారు. నిజమే, పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది. మరి ఎందుకు మారలేదు? మారిస్‌పేటలో ఇరవై ఏళ్లుగా శుభలేఖలు వేస్తున్న ఒకాయన లేచి చెప్పిన జవాబు నాకు నచ్చింది. "నా దగ్గర పదిహేనేళ్ల పెళ్లి కార్డులున్నాయండి. అన్న పెళ్లికి వేసిన కార్డే పేర్లు మార్చి తమ్ముడి పెళ్లికి వేయమంటారు. ఆ ఫైళ్లన్నీ అనులోనే ఉన్నాయి. కన్వర్టర్‌లో పెడితే వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడుతున్నాయి. పెళ్లికూతురి పేరు తప్పు పడితే మీరొచ్చి మాటపడతారా?"

దానికి మనవాళ్ల దగ్గర జవాబు లేదు. పాత ఫాంట్లలో ఉన్నది నిజంగా తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు, అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి అని మన ఉపాధ్యక్షులు బోర్డు మీద చక్కగా గీసి చూపించారు. అటువైపు నుంచి ఇంకో ఆయన, యూనికోడ్ అంత గొప్పదైతే 2018 ఫిబ్రవరిలో ఒక్క "జ్ఞా" అక్షరం కనపడితే ఐఫోన్లు ఎందుకు కుప్పకూలాయి అని అడిగారు. హాలంతా నవ్వింది. అది యూనికోడ్ తప్పు కాదు, అక్షరాన్ని తెర మీద గీసే సాఫ్ట్‌వేర్ తప్పు, అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. అయినా మన ఒక్క అక్షరానికి అంత పెద్ద కంపెనీ ఫోన్లు ఆగిపోవడం తల్చుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం గర్వంగానే ఉంటుంది, ఎందుకో తెలీదు.

అదే రోజు మన సభ్యులొకరు ఆ డీటీపీ ఆయన్ని "రాతియుగం మనిషి" అన్నారు. ఆయన ఆ తర్వాత రాలేదు, ఆయనతో పాటు ఇంకో నలుగురూ రాలేదు. వాదనలో మాట జారడం మామూలే. 1992 జనవరిలో హెల్సింకీలో చదువుకుంటున్న ఇరవై రెండేళ్ల లినస్ టోర్వాల్డ్స్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత లినక్స్ మొదలుపెట్టినవాడు), ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసర్ టానెన్‌బామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ ఎలా కట్టాలన్న దానిమీద అందరి ముందూ గొడవపడ్డారు. లినక్స్‌కు కాలం చెల్లిందని ప్రొఫెసర్ అంటే టోర్వాల్డ్స్ ఘాటుగా తిప్పికొట్టాడు. కానీ వెంటనే, మర్యాద మరిచి రాశాను, క్షమించండి అని అదే జనం ముందు ఒప్పుకున్నాడు. డిజైన్ విషయంలో మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. మన సభ్యులు తొమ్మిది నెలలైనా ఆ ఒక్క ఫోన్ చేయలేదు. పేరు రాయను. ఆయన మూడో వరుసలోనే కూర్చున్నారు.

జూలైలో అప్‌డేట్లు వెంటనే వేసుకోవాలా, ఆగాలా అన్నది చర్చ. ఆగాలన్నవాళ్లు 2024 జూలై 19 సంగతి ఎత్తారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు ఫైలుతో ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో ఆగిపోయాయి, శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మా లినక్స్‌లో ఇలాంటివి జరగవు అని మన లినక్స్ బృందం బల్లలు బాదింది. అప్పుడు పాలిటెక్నిక్ అమ్మాయి ఒకరు లేచి ఎక్స్‌జెడ్ కథ చెప్పింది. 2024 ఫిబ్రవరి, మార్చిలో, లినక్స్‌లో అన్నిచోట్లా వాడే ఫైళ్లు కుదించే ఆ చిన్న పనిముట్టు 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. రెండేళ్లు మంచివాడిలా సాయం చేసి, నమ్మకం సంపాదించి మరీ పెట్టారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ అనుమానపడి తవ్వితే బయటపడింది. ఆ ఫ్రాయిండ్ పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. ఈ మాట ఆ అమ్మాయి చివరి దాకా దాచుకుని చెప్పింది. బల్లల చప్పుడు ఆగిపోయింది. ఈ ఏడాది మొత్తంలో నాకు నచ్చిన వాదన అదే. పెద్దవాళ్లం గొంతుతో వాదించాం, ఆ పిల్ల చదువుకొచ్చి వాదించింది.

ఇక అక్టోబర్ 12న పెట్టిన పాత కంప్యూటర్ల శిబిరం. ఇది మనందరి ఘనత, కాస్త వివరంగానే రాస్తాను.

అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని మనకు ముందే తెలుసు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. మన ఊళ్లో జిరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో, ఇళ్లలో ఉన్నవి ఎక్కువ నాలుగో తరం, ఆరో తరం కంప్యూటర్లు. "పారేయాలా, ఉంచుకోవాలా" అని సెప్టెంబర్‌లో చర్చ పెట్టాం. చర్చ చివర్లో ఎవరో, ఇంతసేపు మాట్లాడే బదులు ఒకరోజు కూర్చుని చేసిపెట్టొచ్చుగా అన్నారు. అన్నవారు ఆరోజు రాలేదనుకోండి, అది వేరే సంగతి.

పాత కంప్యూటర్లు తెండి, డబ్బులు అక్కర్లేదు అని ఫ్లెక్సీ కట్టాం. పదిహేను వస్తాయనుకుంటే 47 వచ్చాయి. ఆటోల్లో తెచ్చారు, మోపెడ్ ముందు పెట్టుకుని తెచ్చారు, ఒకాయన సీపీయూని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. సాయం చేస్తామని పేర్లిచ్చిన సభ్యులు 22 మంది. వచ్చింది 9 మంది. పొద్దున్నే ఏడింటి నుంచీ ఫోన్లో మెసేజులు, ఊళ్లో లేనని ఒకరు, చుట్టాలొచ్చారని ఒకరు. ఏ చర్చలోనైనా లినక్స్ గురించి గంట తక్కువ కాకుండా మాట్లాడే మన మిత్రులు ఆరోజు పెళ్లికి వెళ్లారు. ముహూర్తాలు మనం ఆపలేం. పాలిటెక్నిక్ పిల్లలు ఆరుగురూ ఎనిమిదింటికే వచ్చి, సాయంత్రం ఆరున్నర దాకా అన్నం కూడా నిలబడే తిన్నారు. ప్రారంభించడానికి పిలిచిన అధికారి పదింటికి వస్తామన్నారు. పది యాభై దాకా చూసి మేమే మొదలుపెట్టేశాం. ఆయన కోసం కొన్న శాలువా బీరువాలో ఉంది. దాన్ని ఎవరికి కప్పాలో ఈ సమావేశమే చెప్పాలి.

పన్నెండుంపావుకి కరెంటు పోయింది. సగం ఎక్కిన ఇన్‌స్టలేషన్లు పదకొండు మళ్లీ మొదటికొచ్చాయి. జనరేటర్ పంపినాయన్ని పైన రెండుసార్లు తల్చుకోవాల్సింది, ఒకసారే తల్చుకున్నాను.

జిరాక్స్ షాపు నడిపే ఒకావిడ రెండు కంప్యూటర్లు, వాటితో పాటు ప్రింటర్ కూడా తెచ్చింది. అదే, మీ అందరి దగ్గరా ఉండే ఆ చిన్న తెల్ల లేజర్ ప్రింటర్. దాని డ్రైవర్ లినక్స్‌లో ఎంత ఏడిపిస్తుందో తెలిసినవాళ్లకు తెలుసు. మన కుర్రాడు లినక్స్ మింట్ ఎక్కించి, వైరస్‌ల బెడద ఉండదు, ఉచితం, స్వేచ్ఛ అని చెప్పబోతే, "ఆ పెంగ్విన్ సంగతి నాకెందుకు బాబూ, ప్రింటు వస్తుందా రాదా అది చెప్పు" అంది. పెంగ్విన్ అంటే లినక్స్ గుర్తులెండి. మూడు గంటలు పట్టింది. నాలుగున్నరకి మొదటి కాగితం బయటికొచ్చింది, ఎవరిదో ఆధార్ జిరాక్స్. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ కొట్టలేదు, ఇంకో కాపీ తీయమంది.

లెక్క ఇది: 29 కంప్యూటర్లలో పూర్తిగా లినక్స్ ఎక్కించాం, లెక్కలు రాసే ట్యాలీ మానలేని 6 మందికి విండోస్ ఉంచి పక్కన లినక్స్ పెట్టాం, వాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే దారి కూడా చూపించాం. ఇంకో 5 కంప్యూటర్లకు అసలు రోగమే లేదు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో (బయోస్‌లో) టీపీఎం ఆపేసి ఉంది, ఆన్ చేస్తే విండోస్ 11 ఎక్కింది. అందులో ఒకటి ఎనిమిది వేలకు అమ్మేయడానికి బేరం కుదిరిపోయిందట. మిగిలిన 7 మన వల్ల కాలేదు. డీటీపీ కంప్యూటర్లు మూడు ఆ ఏడింట్లోనే ఉన్నాయి, ఏప్రిల్‌లో ఆయన చెప్పిందే కారణం.

దీని తర్వాత ఉత్సాహం వచ్చి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో మెట్ల కింద పడి ఉన్న పాత కంప్యూటర్లు ఇస్తే బాగుచేసి బడిపిల్లలకు ఇస్తామని ఉత్తరం రాశాం. మూడు ఉత్తరాలు రాశాం. విషయం పరిశీలనలో ఉందని ఒక జవాబు వచ్చింది. కంప్యూటర్లు మాత్రం మెట్ల కిందే ఉన్నాయి, పోయిన వారం కూడా చూసొచ్చాను, ఇప్పుడు వాటి మీద ఎన్నికల పెట్టెలు కూడా పెట్టారు.

నవంబర్‌లో విశాఖ డేటా సెంటర్ మీద వాదన. మన విండోస్ 10 ఆగిన అక్టోబర్ 14నే గూగుల్ ఆ ప్రకటన చేసింది, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. ఉద్యోగాలొస్తాయని ఒక జట్టు, నీళ్లూ కరెంటూ తాగేస్తుందని ఒక జట్టు. గంటన్నర అరుచుకున్నాం. ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని నీళ్లు అని నేను అడిగితే రెండు జట్లూ వాట్సాప్‌లో వచ్చినవే చదివాయి, రెండింట్లోనూ అంకెలు వేరు. ఆ చర్చ నడిపించింది నేనే కాబట్టి తప్పు నాదే. ఇకనుంచి మాట్లాడేవాళ్లు దేన్ని చూసి చెప్తున్నారో ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. దీనికి మీ ఆమోదం కావాలి.

డిసెంబర్‌లో ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) ధరల మీద మాట్లాడుకున్నాం. మెమరీ అంతా ఏఐ సర్వర్లకే పోతోంది, మెమరీ తయారుచేసే మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మడమే మానేస్తున్నట్టు చెప్పేసింది. అక్టోబర్‌లో బాగుచేసిన కంప్యూటర్లకు ర్యామ్ పెంచాలన్న ఆలోచన అక్కడితో ఆగింది.

జమాఖర్చులు. పోయినేడు మిగులు 2,140, చందాలు 7,600, విరాళాలు 5,500, మొత్తం 15,240. ఖర్చు 12,990, చేతిలో 2,250 రూపాయలు. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. 63 మంది సభ్యుల్లో చందా కట్టింది 38 మంది అని మాత్రం చెప్పి ఇది వదిలేస్తున్నాను.

ఈ నివేదికను నేను ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి ప్రెస్‌కి ఇస్తే, వాళ్లు మళ్లీ అనులోకి మార్చి అచ్చు వేశారు. మీ చేతిలో ఉన్న కాపీలో మొదటి పేజీలో "కృతజ్ఞతలు" బదులు ఇంకేదో పడింది, చదువుకునేటప్పుడు సర్దుకోండి.

వచ్చే చర్చ ఫిబ్రవరి 8న. మారిస్‌పేట ఆయన్ని నేను వెళ్లి పిలిచాను, వస్తానన్నారు, పాత ఫైళ్లు పది తెస్తారట, కన్వర్టర్లు పక్కపక్కన పెట్టి ఏది ఎన్ని వత్తులు తప్పుతుందో లెక్కపెడదాం. అక్టోబర్ 12న తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్‌లు నాలుగు ఇంకా తిరిగి రాలేదు. అవి కూడా ఆరోజే పట్టుకురండి.

మీ కార్యదర్శి