కొలవవలసింది ప్రదర్శనలను కాదు, సేకరణలను

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న వారి) వారసత్వ మాసం జరుపుతారు. ఆ నెల రోజుల ప్రదర్శనలను చూసి లాటినెక్స్ కళాకారులకు, అంటే లాటిన్ అమెరికా మూలాలు ఉండి అమెరికాలోనే పుట్టిన లేదా స్థిరపడిన కళాకారులకు, మ్యూజియంలలో తగిన చోటు దక్కిందని అనుకోవడం పొరపాటు. అరువు తెచ్చిన బొమ్మ గడువు తీరగానే వెనక్కి వెళ్లిపోతుంది. మ్యూజియం కొని సొంతం చేసుకున్న దానికే కేటలాగులో నమోదు, మరమ్మతుకు ఆసరా, వందేళ్ల తర్వాత కూడా గోడ మీదికి రాగల అవకాశం ఉంటాయి. 2019లో అక్కడి 18 పెద్ద మ్యూజియంల సేకరణలను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రకారం కళాకారులలో 85.4 శాతం శ్వేతజాతీయులు కాగా హిస్పానిక్, లాటినో వర్గాల వారు 2.8 శాతమే. 2020 జనగణనలో మాత్రం వారి సంఖ్య 6.2 కోట్లు, దేశ జనాభాలో దాదాపు 19 శాతం.

ఇది నిన్నమొన్నటి గొడవ కాదు. లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో చికానోల, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్ల, కళ ఎందుకు లేదని కళాకారుడు హ్యారీ గాంబోవా అడిగినప్పుడు, వాళ్లు చేసేది గోడరాతలే కాని కళ కాదన్న ధోరణిలో అక్కడి ఒక క్యూరేటర్ (సేకరణలను, ప్రదర్శనలను చూసుకునే నిపుణుడు) బదులిచ్చారు. 1972లో గాంబోవా, తోటి కళాకారులు గ్రాంక్, విల్లీ హెరాన్ ఆ మ్యూజియం గోడ మీదే స్ప్రే రంగుతో తమ పేర్లు రాసి, ఆ భవనమంతా తమ కళాకృతేనని చాటారు. ఆ పేర్ల దగ్గర నిలబడిన వారి సహచర కళాకారిణి పాట్సీ వాల్డెజ్ ఫోటో మిగిలింది. పేర్ల మీద మ్యూజియం వారు సున్నం కొట్టించారు. వీరి బృందమైన ఆస్కో మీద అదే మ్యూజియం సమగ్ర ప్రదర్శన పెట్టడానికి 2011 రావలసి వచ్చింది.

మెక్సికో, బ్రెజిల్, అర్జెంటీనాల నుంచి బొమ్మలు కొన్నంత మాత్రాన ఈ లోటు తీరదన్నది నా అభ్యంతరం. ఆ దేశాల కళకు సొంత సేకర్తలు, సొంత విపణి ఉన్నాయి. టెక్సస్‌లోనో న్యూయార్క్‌లోనో పెరిగిన కళాకారుడిని అటు లాటిన్ అమెరికా విభాగమూ, ఇటు అమెరికా విభాగమూ తమవాడు కాదని వదిలేస్తే అతడి పని రెంటికీ చెడుతుంది.

ఉద్దేశం ఉంటే మార్పు సాధ్యమేనని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం చూపించింది. లాటినోలను ఈ మ్యూజియం మాతృసంస్థ అయిన స్మిత్‌సోనియన్ కావాలనే నిర్లక్ష్యం చేసిందని దాని సొంత కార్యదళమే 1994లో తప్పుపట్టింది. తర్వాత ఆ మ్యూజియంలో లాటినో కళ కోసమే క్యూరేటర్‌గా నియమితురాలైన ఇ. కార్మెన్ రామోస్ 2013లో పెట్టిన ప్రదర్శనలోని 92 కృతులూ సొంత సేకరణలోవే. వాటిలో 63 అప్పటికి రెండు మూడేళ్ల లోపు చేర్చుకున్నవి. అక్కడే అమాలియా మెసా బైన్స్ నటి డోలోరెస్ డెల్ రియో స్మృతిలో అమర్చిన పీఠం ఉంది: అద్దాలు, బట్టలు, ఫ్రేము కట్టిన ఫోటోలు, ఎండిన పూలు, తళుకుపొడి. చనిపోయిన వారి కోసం ఇంట్లో అలా పీఠం అమర్చుకునే మెక్సికన్ ఆచారం తెలియని వారికి అది పాత సామాను కుప్పగానే కనిపిస్తుంది. ఆ తెలివిడి ఉన్న మనిషి కొనుగోళ్లు నిర్ణయించే బల్ల దగ్గర ఉండాలి.

మెలన్, ఫోర్డ్, గెట్టీ, టెర్రా ఫౌండేషన్లు 2023లో 10 మ్యూజియంలకు తలా 5 లక్షల డాలర్లు ఇచ్చింది ఇలాంటి క్యూరేటర్ల కోసమే. సంతోషించవలసిన విషయమే, కాని గ్రాంటు ఏనాటికైనా అయిపోతుంది. ఆ ఉద్యోగాలను మ్యూజియంలు తమ సొంత బడ్జెట్లలోకి తీసుకోవాలి. ఏ ఏడాది ఎవరి కృతులను ఎన్ని కొన్నాయో ఆ ఏడాదే ప్రజలకు వెల్లడించాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు