సంతకం పెట్టే ముందు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చి. సౌ. సుజాతకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. మార్గశిర గురువారం బురుజుపేట వెళ్లి, కనకమహాలక్ష్మి అమ్మవారికి నీ పేరున కుంకుమ పూజ చేయించాను. నీ దగ్గర నుంచి మాత్రం కొన్నాళ్లుగా ఫోను లేదు. నీ గర్భసంచిలో గడ్డలున్నాయనీ, సంచి తీసేయాలన్నారనీ పద్మ పిన్ని అంటోంది. నీ అంతట నీవు చెప్పేవరకు ఆ సంగతి ఎత్తకూడదనుకున్నాను. అందుచేత వేరే మాట చెబుతాను.

మామ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం మీద పెదజాలరిపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది, నీకు జ్ఞాపకముందో లేదో. ఆవిడకు చదువు రాదు. అయినా ఏ మాత్ర చేతికిచ్చినా "ఇది దేనికమ్మా?" అని అడిగి, విన్నది తన మాటల్లో తిరిగి చెప్పి, సరేనంటేనే మింగేది. రౌండ్లకు వచ్చిన డాక్టరుగారిని అడగవలసినవన్నీ మనవరాలి చేత చీటీ మీద రాయించి, తలగడ కింద దాచుకునేది. ఒకనాటి ఉదయం, ఇచ్చిన మాత్ర నిన్నటి రంగులో లేదని ససేమిరా వేసుకోనంది. సిస్టరు విసుక్కుంటూనే వెళ్లి కేస్ షీటు చూస్తే, అది ఎదుటి మంచం ఆవిడకు ఇవ్వవలసిన మందు. ఆనాటి నుంచి ఆ సిస్టరే ప్రతి మంచం దగ్గర పేరు అడిగి మందు ఇవ్వడం మొదలుపెట్టింది. అక్షరం రాని ఆవిడ అన్ని ప్రశ్నలు అడగగా, ఎమ్మెస్సీ చదివిన నీవు డాక్టరు ముందు తల ఊపి వచ్చేస్తావేమోనని నా భయం.

గడ్డ ఎంత పరిమాణంలో ఉంది, ఏ వైపున ఉంది, మందులతో గాని, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్‌తో గాని సరిపోతుందా, కొంతకాలం ఆగితే ఏమవుతుంది అని అడుగు. ముట్లుడిగాక ఇవి సాధారణంగా కుంచించుకుపోతాయి. మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. దానికి మొహమాటం దేనికి? కేస్ షీటు, రిపోర్టుల నకళ్లు కావాలని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి.

సమ్మతి పత్రం మీద ఏమి రాసి ఉందో పూర్తిగా చదవనిదే సంతకం పెట్టకు. సమీరా కోహ్లీ కేసులో, లాపరోస్కోపీ, అంటే చిన్న కోత పెట్టి కెమెరా గొట్టంతో కడుపులో చూసే పరీక్ష, కోసం మత్తులో ఉన్న స్త్రీకి ఆమె తల్లి సమ్మతితో గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, సొంతంగా నిర్ణయించుకోగల మనిషికి బదులుగా తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక నీ బదులు నేను కూడా సంతకం పెట్టలేను తల్లీ, నిర్ణయం నీదే.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చేశాను. రక్తస్రావం ఎక్కువగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకు, ఒంటికి పట్టదు. హోమియో మాత్రలు వాడుతున్న సంగతి కూడా డాక్టరుకు దాచకు.

స్కాన్ రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళతావో చెబితే, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు తీయించమని నాన్నగారితో చెబుతాను. అల్లుడుగారికి సెలవు దొరకదేమో, పక్కన నేనుంటాను. ప్రశ్నలు మాత్రం నీవే అడగాలి.

ఆశీస్సులతో,
అమ్మ